శబ్దమునకు శక్తి: నాటి రేడియో, నేటి గిటారు



మన గోదావరి తీరపు పల్లెలలో వాద్యమునకు ఆహారము వేయవలెనను మాటను పూర్వులెరుగరు. ఒగ్గు కథకుల డోలునకు చేతి దెబ్బయే శక్తి. ఆదిలాబాదు అడవులలో గోండుల గాథలను పాడు ప్రధానుల కీకిరికి కమానును లాగు చేయియే శక్తి. సన్నాయికి ఊపిరి చాలును. విద్యుత్తుచే పలుకు పరికరము ఊరిలో అడుగుపెట్టిన నాడే, దీనికి శక్తిని ఎచ్చటి నుండి తేవలెనను ప్రశ్నయు దాని వెంట వచ్చినది. ఆ ప్రశ్న యొక్క చరిత్రను నేడు మీకు విన్నవించెదను.

నాకు దీనిని మరల తలపునకు తెచ్చినవాడు మా మనుమడు. అతడు విద్యుత్ గిటారు వాయించును. కాలిముందు అరచేతియంత ఇనుప పెట్టెలు అయిదారు వరుసగా నుంచుకొనును. వాటిని పెడళ్లందురు. కాలితో నొక్కగా ఒకటి స్వరమును గరగరలాడించును, మరియొకటి ప్రతిధ్వనింపజేయును. ఊరి ఉత్సవములో వాయించుటకు పిలుపు రాగా, అతడు నన్నడిగెను: “తాతా, వీటికి సెల్లు వెయ్యాల్నా, కరెంటు పెట్టాల్నా?” ఇట్టి ప్రశ్నకే ఒకప్పుడు తప్పు సమాధానము చెప్పినవాడను గనుక వెంటనే బదులు చెప్పలేకపోతిని.

మొదటినుండి చెప్పెదను. 1800లో ఇటలీ దేశీయుడగు వోల్టా లోహపు బిళ్లలను, ఉప్పునీట తడిపిన గుడ్డముక్కలను ఒకదానిపై నొకటి పేర్చి ఎడతెగని విద్యుత్ప్రవాహమును చూపెను. 1859లో ఫ్రాన్సు దేశమున ప్లాంటే సీసపు పలకలను గంధకామ్లమున ముంచి, వట్టిపోయిన పిదప మరల నింపుకొనదగిన బ్యాటరీని కల్పించెను. 1866లో లెక్లాంషే తుత్తునాగమును, మాంగనీసును వాడి వేరొక సెల్లును చేసెను. మన టార్చిలైటు సెల్లు దీని సంతతియే. ఆ మాంగనీసు ఖనిజము మన ఆదిలాబాదు ప్రాంతమున, పెన్‌గంగ పరిసరములలోను గలదు.

హైదరాబాదులోని దక్కన్ రేడియో 1935లో నిజాము ప్రభుత్వము చేతికి వచ్చినది. 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో చేరినది. మాట గాలిలో వచ్చుచుండెను గాని, దానిని వినిపించు పెట్టెకు కావలసిన కరెంటు పల్లెలకు రాలేదు. అందుచేత వాల్వు రేడియోకు బ్యాటరీలే గతి. అదియు ఒకటి గాదు, రెండు. వాల్వులలోని సన్నని తీగెలను వేడిచేయుటకు 2 వోల్టుల తడి బ్యాటరీ. శబ్దమును పెంచుటకు 90 వోల్టుల పొడి బ్యాటరీ. ఒక్కొక్క సెల్లు ఒకటిన్నర వోల్టు గనుక, ఆ 90 వోల్టుల కట్టలో 60 చిన్న సెల్లులుండెడివి. తడి బ్యాటరీ నీరసించినప్పుడెల్ల, ఆమ్లము తొణకకుండ, పట్టణమునకు మోసికొనిపోయి నింపించి తేవలెను.

మా ఊరు ధర్మపురికి చేరువది. నాడు కరీంనగరము జిల్లా, 2016 నుండి జగిత్యాల జిల్లా. 1955 ప్రాంతమున మా చావడిలో నాలుగు వాల్వుల రేడియో యుండెను. సాయంకాలము ఊరంతయు దాని ముందు కూర్చుండెడిది. నాకప్పుడు పదునారేండ్లు, బ్యాటరీ కలుపు పని నాది. ఒకనాడు చీకటిలో, తొందరలో, 90 వోల్టుల తీగెను 2 వోల్టుల చోట తగిలించితిని. క్షణమాత్రము వాల్వులు తళుక్కున మెరసినవి. పిదప పెట్టె మూగవోయెను. నాలుగును మాడిపోయినవి. కొన్ని నెలలు ఆ చావడిలో పలుకు లేదు. నన్నెవ్వరును తిట్టలేదు, సాయంకాలము వచ్చి, మూగ పెట్టెను చూచి, లేచిపోవుచుండిరి. అది తిట్టుకంటె బరువు.

ఈ బాధను తీర్చినది ట్రాన్సిస్టరు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో అది పుట్టెను. దానికి వేడి తీగె లేదు, 90 వోల్టుల అవసరము లేదు. 1954లో జేబులో పట్టు ట్రాన్సిస్టరు రేడియో అమెరికాలో అంగడికి వచ్చెను. పిదప ఇట్టి రేడియోల కొరకు 9 వోల్టుల చిన్న చదరపు బ్యాటరీ వాడుకలోనికి వచ్చెను. మన రైతు రేడియోను ఎడ్లబండికి తగిలించుకొని పొలమునకు పోగలిగెను. 1962లో అమెరికాలో ఫజ్‌టోను అను పెడలు వచ్చెను. అదియు ట్రాన్సిస్టర్లతో, రెండు టార్చి సెల్లులతో పనిచేసెడిది. పిమ్మట వచ్చిన పెడళ్లు అనేకము ఆ 9 వోల్టులనే స్వీకరించినవి. మా మనుమని పెట్టెలు మా రైతు రేడియోకు దాయాదులే.

ఇక తీగె కరెంటు కథ. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడినది. రామగుండమున ఎన్‌టీపీసీ తొలి యంత్రము 1983లో నడిచినది. ఆ కేంద్రపు శక్తి క్రమముగా 2600 మెగావాట్లకు పెరిగినది. సింగరేణి బొగ్గు, గోదావరి నీరు కలిసి పుట్టించిన ఆ విద్యుత్తు పొరుగు రాష్ట్రములకు గూడ పోవుచున్నది. ఇట్టి సీమలో సెల్లుతో పనియేమని మీరడుగవచ్చును.

కాని లైను కరెంటు సెల్లువలె ఒకే దిక్కున ప్రవహింపదు. క్షణమునకు 50 మారులు ముందు వెనుకలాడును. అడాప్టరు దానిని 9 వోల్టులకు దించి, ఒక దిక్కునకు మలచును. అది నాసిరకమైనచో ఆ ఊగిసలాట కొంత మిగిలి, గిటారులో హుమ్మను మ్రోతయగును. ఒకే అడాప్టరు నుండి గొలుసుకట్టుగా అయిదారు పెట్టెలకు తీగెలిచ్చినచో ఒకదాని అలజడి వేరొకదానిలోనికి ప్రాకవచ్చును. ఒకే కాలువకు మడులన్నియు కట్టినచో ఒక మడి బురద పక్క మడికి చేరినట్లు.

కనుక మనుమనితో లెక్క వేయించితిని. మంచి 9 వోల్టుల సెల్లులో సుమారు 500 మిల్లీ ఆంపియరు గంటల శక్తి యుండును. గరగరలాడించు సాదా పెడలు 5 మిల్లీ ఆంపియర్లు త్రాగినచో, దానికి వంద గంటలు వచ్చును. ప్రతిధ్వని పుట్టించు కంప్యూటరు వంటి పెడలు 300 త్రాగినచో రెండు గంటలైనను నిలువదు. కాబట్టి మితాహారికి సెల్లు. అమితాహారికి, ఒక్కొక్క పెట్టెకు వేరువేరు మార్గములిచ్చు మేలైన విద్యుత్ పెట్టె. ఆట ముగియగానే గిటారు తీగెను పెడలు నుండి ఊడదీయవలెను. లేనిచో లోపలి సెల్లు ఊరకయే కరగిపోవును.

చివరిమాట నా అనుభవమునుండి చెప్పితిని: ఎన్ని వోల్టులో చూడుము, ఏది ధనమో, ఏది ఋణమో చూడుము. ఈ పెడళ్లలో అనేకమునకు నడిమి సూది ఋణము. ఇతర పరికరములలో అనేకమునకు అదియే ధనము. ఇంటిలో దొరికిన అడాప్టరును తగిలింపరాదు.

ఉత్సవమునాడు మనుమడు వెలుతురులో కూర్చుండి, ఒక్కొక్క పెట్టెపైని గుర్తును పైకి చదివి తీగె కలిపెను. నేను పక్కన నిలిచి వింటిని. ఆ రాత్రి మ్రోత లేదు, పెట్టె మూగవోలేదు. అరువదియేడులు దాటిన నా అప్పు కొంత తీరినట్లయినది.