బాంబర్ బ్రిడ్జి పబ్బులో ఒక సాయంత్రం

ఇంగ్లీషు పల్లెల్లోని పబ్బు అంటే తాగుడు దుకాణమనే మనవాళ్ల అభిప్రాయం. అది సగం నిజం. 'పబ్లిక్ హౌస్' అన్న మాటే కుదించుకుపోయి పబ్ అయింది. ఎవరైనా వచ్చి కూర్చోగల ఇల్లన్న మాట. ఆ 'ఎవరైనా' అన్నదానికి హద్దు ఎక్కడన్నదే ప్రశ్న. కొన్నేళ్ల కిందట లాంకషైర్‌లో బంధువుల ఇంట ఉన్నప్పుడు, ఆ ప్రశ్న కోసమే ప్రెస్టన్ దగ్గరి బాంబర్ బ్రిడ్జికి వెళ్లాను.

ఓల్డ్ హాబ్ ఇన్ గడ్డికప్పు వేసిన పాతకాలపు ఇల్లు. నాకు తాగుడు అలవాటు లేదు. అయినా అర పింటు బీరు తీసుకొని ఒక మూల కూర్చున్నాను. ఎవరూ నన్ను ఎగాదిగా చూడలేదు.

1943లో ఈ ఊళ్లో అమెరికన్ సైన్యపు రవాణా దళం ఒకటి ఉండేది. లారీలు తోలేవాళ్లంతా నల్లవాళ్లు, అధికారులు దాదాపు అందరూ తెల్లవాళ్లు. ఫాసిజం మీద యుద్ధానికి వచ్చిన ఆ సైన్యం తనలోనే రంగునుబట్టి విడివిడి దళాలు నడిపేది. ఊరి పబ్బుల్లో కూడా వర్ణభేదం పాటించాలని సైనికాధికారులు కోరారు. అందుకు జవాబుగా పబ్బులవాళ్లు 'నల్ల సైనికులకు మాత్రమే' అని బోర్డులు కట్టారని ఊళ్లో చెప్పుకుంటారు. వ్యంగ్యమంటే అదీ!

జూన్ 24 రాత్రి ఈ గదిలోనే నల్ల సైనికులు ఊరివాళ్లతో కలిసి తాగుతున్నారు. అమెరికన్ మిలిటరీ పోలీసులు ఇద్దరు లోపలికి వచ్చి, యూనిఫారం సరిగా లేదని ఒకణ్ణి అరెస్టు చేయబోయారు. అక్కడున్న ఇంగ్లీషువాళ్లు, బ్రిటిష్ సైన్యంలోని స్త్రీలు సైతం, నల్లవాళ్ల పక్షం పట్టారు. పోలీసులు అప్పటికి వెళ్లిపోయి, మరికొందరిని వెంటబెట్టుకొని తిరిగి వచ్చారు. రోడ్డు మీద ఘర్షణ, కాల్పులు. విలియం క్రాస్‌లాండ్ అనే సైనికుడు చనిపోయాడు. శిబిరానికి మెషిన్‌గన్ బిగించిన బండి వచ్చిందని తెలిసి సైనికులు తుపాకులు అందుకున్నారు. తెల్లవారుజాము దాకా కాల్పులు సాగాయి. తిరుగుబాటు నేరం కింద 30 మందికి పైగా శిక్షలు పడ్డాయి. తప్పులో ఎక్కువ భాగం తెల్ల అధికారులదీ, పోలీసులదీ అని సేనాపతి జనరల్ ఈకరే భావించాడు. శిక్షలు తర్వాత తగ్గించారు. యుద్ధకాలపు సెన్సారు వల్ల ఈ సంగతి బయటి ప్రపంచానికి పెద్దగా తెలియలేదు. 1980ల చివర ఆ ఊరి బ్యాంకు గోడలో తూటా రంధ్రాలు కనబడిన తర్వాతే మళ్లీ ఆసక్తి రేగింది.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే ఇది ఇంగ్లండు ఔదార్య గాథ అవుతుంది. అదే 1943లో బెంగాల్ ఆకలితో చచ్చిపోతున్నది. లండన్ మంత్రివర్గం వర్ణభేదం అమలు చేయడానికి తమ పోలీసుల్ని పంపలేదు, నిజమే; అమెరికన్లు తమ మనుషుల్ని వేరుచేసుకుంటే అడ్డుపెట్టనూ లేదు. కనుక ఇక్కడి గౌరవం ప్రభుత్వానిది కాదు, బల్లల చుట్టూ కూర్చున్న కూలినాలి జనానిది.

ఆ జనాన్ని కూడా దేవతల్ని చేయలేం. యుద్ధం తర్వాత బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెతిక్ పోత కర్మాగారాలకు పంజాబీలు పనికి వచ్చారు. అక్కడి కొన్ని పబ్బులు వాళ్లకు ఒక గది కేటాయించి, మంచి గదిలోకి రానివ్వలేదు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ దానిమీద పోరాడింది. 1965 ఫిబ్రవరిలో వాళ్ల పిలుపు మీద మాల్కమ్ ఎక్స్ ఆ ఊరికి వచ్చాడు. అతణ్ణీ ఒక పబ్బు గదిలో కాదన్నారు. తొమ్మిది రోజులకు న్యూయార్కులో హత్యకు గురయ్యాడు. పబ్బుల్లో వివక్షను నిషేధించే చట్టం ఆ ఏడాది చివర వచ్చింది. రేపు ఓడ ఎక్కి పోయే సైనికుడితో తాగడం ఒకటి, ఎల్లకాలం పక్కింట్లో ఉండి అదే పనికి పోటీపడే మనిషితో తాగడం మరొకటి. 1943కీ 1965కీ తేడా ఇక్కడే ఉందని నా అనుమానం.

మా ఊరి టీ కొట్టులో దళితుల గ్లాసులు చూరుకింద గూట్లో వేరుగా ఉండేవి. తాగినవాళ్లే కడిగి అక్కడ పెట్టాలి. నేను బడికెళ్లే రోజుల్లో ఏళ్ల తరబడి చూసి, ఒక్కనాడూ ఇదేమని అడగలేదు. నా గ్లాసు లోపలి బల్ల మీదికి వచ్చేది కదా.

హాబ్ ఇన్‌లో బీరు సగం కూడా తాగలేకపోయాను. కౌంటరు వెనకనున్న అమ్మాయి నా గ్లాసు తీసుకుపోయి మిగతావాటి మధ్యన బోర్లించింది. ఆమె అటు తిరిగాక కూడా నేను కాసేపు ఆ వరసనే చూస్తూ నిలబడ్డాను. అందులో నాది ఏదో గుర్తుపట్టలేకపోయాను.