దారుల్‌షిఫా

పాతనగరమున, మూసీనది దక్షిణతీరమున, దారుల్‌షిఫా యను పేట గలదు. స్వస్థతాగృహమని దాని యర్థము. 1591లో నగరమును నెలకొల్పిన మహమ్మదు కులీ కుతుబుషా 1595లో నచ్చట రెండంతస్తుల వైద్యశాలను గట్టించెను. రోగులకు చికిత్సయు, విద్యార్థులకు యునానీ బోధయు నొక్కచోటనే జరిగెడివి.

మందునకు ముందు ఆరింటిని విచారింపవలెనని యునానీ సిద్ధాంతము: గాలి, అన్నపానములు, దేహమునకు శ్రమవిశ్రాంతులు, మనస్సునకు చలనశాంతులు, నిద్రాజాగరణములు, మలాదుల నిలుపుదల విడుదలలు. మన చరకుడును ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూటిని దేహమునకు ఊతకంబములుగా నెంచెను.

ఆ వైద్యశాల యేనాడో మూతపడినది. ఆ విచారణ మాత్రము నిలిచినది. ఒకనాడు పాతబస్తీలో నొక హకీముగారు నా నాడి పట్టి, “పంతులుగారూ, రాత్రి యేమి భుజించితిరి?” అనిరి. పెండ్లివిందు మాట దాచి, మజ్జిగయన్నమంటిని. ఆయన నవ్వి రెండుపూటలు లంకణము విధించిరి.