గురుకుల విద్యాలయాలలో పర్వతారోహణ శిక్షణ: భువనగిరి శిల నుండి ఎవరెస్టు శిఖరం వరకు

చేగుంట మండలం గుండా సాగే 44వ జాతీయ రహదారికి ఇరువైపులా కనిపించే గ్రానైట్ కొండలు ఈ ప్రాంత ప్రజలకు సుపరిచితములే. మెదక్ కోట వెలసినది అటువంటి కొండపైననే. పశువుల కాపరులు, బాలబాలికలు నిత్యం ఎక్కి దిగే ఈ కొండల వంటి భువనగిరి శిలనే పాఠశాలగా మలచుకొని, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాలయాల సంస్థ 2013లో ఒక నూతన క్రీడకు శ్రీకారం చుట్టింది. పర్వతారోహణమనగా ఏమిటో ఎరుగని గ్రామీణ పేద విద్యార్థులు ఏడాది గడవక మునుపే ప్రపంచంలోని అత్యున్నత శిఖరంపై నిలువగలిగారు.

నేపథ్యం

షెడ్యూల్డు కులాల, తెగల బాలబాలికలకు వసతితో కూడిన నాణ్యమైన విద్యనందించుటకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలు ఏర్పాటైనవి. వీటి స్థాపనలో ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ కృషి చిరస్మరణీయమైనది. 2012లో సంస్థ కార్యదర్శిగా బాధ్యతలు చేపట్టిన ఐ.పి.ఎస్. అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ తరగతి గది చదువుతో పాటు క్రీడలకు, సాహస కార్యక్రమాలకు ప్రాధాన్యమిచ్చారు. చాలినంత వ్యయం, విలువైన పరికరాలు, సుదీర్ఘ శిక్షణ అవసరమైన పర్వతారోహణం అప్పటివరకు సంపన్నులకు, సైనిక దళాలకు పరిమితమైన క్రీడగా భావింపబడేది. ఆ అభిప్రాయాన్ని మార్చుటయే ఈ కార్యక్రమ లక్ష్యం.

దశలవారీ ఎంపిక

ఎంపిక ఒకేసారి గాక అంచెలంచెలుగా జరిగింది.

మొదటి దశ: విద్యార్థులకు భువనగిరిలోని శిలారోహణ శిక్షణ పాఠశాలలో ప్రాథమిక శిక్షణ ఇవ్వబడినది. 500 అడుగులకు పైబడిన ఏకశిలపై త్రాళ్ళ సహాయంతో ఎక్కుట, దిగుట, తోటివారి భద్రతకు త్రాడు పట్టుట నేర్పబడినవి. ఎవరెస్టు అధిరోహకుడు బి. శేఖర్ బాబు శిక్షకునిగా వ్యవహరించారు.

రెండవ దశ: ప్రతిభ చూపిన 20 మంది విద్యార్థులు డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు పంపబడినారు. ఎవరెస్టు తొలి విజయం తరువాత 1954లో ఏర్పడిన ఈ సంస్థలో టెన్సింగ్ నార్గే తొలి క్షేత్ర శిక్షణ సంచాలకులు. అక్కడ విద్యార్థులు సుమారు 17 వేల అడుగుల ఎత్తుగల రెనాక్ శిఖరాన్ని అధిరోహించారు. మంచును చూచుట వారిలో అనేకులకు అదే ప్రథమం.

మూడవ దశ: వారి నుండి ఎంపికైన 9 మందికి లడఖ్‌లో శీతకాల శిక్షణ ఇవ్వబడినది. ప్రాణవాయువు తక్కువగా గల ఎత్తులలో, గడ్డకట్టించే చలిలో శరీరం ఏ మేరకు నిలువగలదో ఇచ్చట తేలినది. తుదకు నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు యాత్రకు ఎంపికైనారు. పూర్ణ తాడ్వాయి గురుకుల పాఠశాల విద్యార్థిని. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు.

ఎవరెస్టు యాత్ర, 2014

నేపాల్ ప్రభుత్వం 16 సంవత్సరాలు నిండనివారికి అనుమతి ఇవ్వదు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్ళు నిండలేదు. అందువలన టిబెట్ వైపు నున్న ఉత్తర మార్గం ఎంచుకొనబడినది. యాత్ర ఆరంభ దినాలలోనే, 2014 ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబు హిమపాత ప్రాంతంలో మంచుచరియలు విరిగిపడి 16 మంది నేపాలీ సహాయకులు మృతి చెందారు. మైనరు విద్యార్థుల భద్రత ఎంతటి బరువైన బాధ్యతయో ఈ దుర్ఘటన స్పష్టం చేసినది. వెనుకకు రావచ్చునన్న సూచన వెలువడినప్పటికీ విద్యార్థులిరువురు యాత్ర కొనసాగించుటకే నిశ్చయించుకొన్నారు.

52 రోజుల యాత్ర అనంతరం 2014 మే 25 ఉదయం వారు శిఖరాన్ని చేరుకొన్నారు. 13 సంవత్సరాల 11 నెలల వయస్సులో పూర్ణ ఎవరెస్టు అధిరోహించిన అతి పిన్న వయస్కురాలైన బాలికగా నిలిచింది. బాలురలో ఈ ఘనత 2010 మే 22న 13 సంవత్సరాల 10 నెలల వయస్సులో అధిరోహించిన అమెరికాకు చెందిన జోర్డాన్ రొమేరోది. జాతీయ పతాకంతో పాటు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్, ఎస్.ఆర్. శంకరన్ చిత్రపటాలను విద్యార్థులు శిఖరంపైకి తీసుకొనిపోయారు. మరి 8 రోజులకు, జూన్ 2న, తెలంగాణ రాష్ట్రం అవతరించింది.

తదనంతర ప్రగతి

పూర్ణ పయనం ఒక్క శిఖరంతో ఆగలేదు. 2016లో ఆఫ్రికాలోని కిలిమంజారో, 2017లో ఐరోపాలోని ఎల్బ్రస్, 2019లో దక్షిణ అమెరికాలోని అకోంకాగువా, ఓషియానియాలోని కార్‌స్టెంజ్, అంటార్కిటికాలోని విన్సన్, 2022 జూన్ 5న ఉత్తర అమెరికాలోని డెనాలి శిఖరాలను అధిరోహించి, ఏడు ఖండాల అత్యున్నత శిఖరాల యాత్రను ఆమె పూర్తి చేశారు. ఆమె జీవితం ఆధారంగా రాహుల్ బోస్ దర్శకత్వంలో 'పూర్ణ' హిందీ చలనచిత్రం 2017లో విడుదలైనది.

శిఖరం చేరినది ఇద్దరే అయినప్పటికీ, భువనగిరి నుండి లడఖ్ వరకు వివిధ దశలలో శిక్షణ పొందిన విద్యార్థులందరూ ఈ కార్యక్రమ ఫలితంలో భాగస్వాములే. డార్జిలింగ్ వెళ్ళిన 20 మందిలో 18 మంది ఎవరెస్టు చూడకుండానే తిరిగి వచ్చారు. అర్హత లేనివారిని ముందుకు పంపక, ప్రతి దశలోను నిలిపి పరీక్షించుటయే ఎవరెస్టుకు వెళ్ళిన ఇద్దరి ప్రాణాలకు రక్షణ కల్పించినది. నూతన క్రీడను ప్రవేశపెట్టదలచిన ఏ విద్యాసంస్థకైనను ఈ తొలి సంవత్సరాల అనుభవం నుండి గ్రహింపదగిన అంశమిదియే: సమీపంలోని కొండతో ఆరంభించుట, క్రమశిక్షణతో పై మెట్టు ఎక్కుట.