పని తెలిసినవాళ్లు కలిసి రాసుకోవాలంటే: వికీ, గూగుల్ డాక్స్

అకౌంట్స్ ఆఫీసులో పదేళ్లుగా పనిచేసిన గుమాస్తా మానేస్తే, ఏ రిటర్న్ ఎలా వేయాలి, పోర్టల్ మొరాయిస్తే ఏం చేయాలి అన్న సంగతులన్నీ ఆయనతోనే వెళ్లిపోతాయి. మెకానిక్ షెడ్డులో ఉస్తాద్ పని మానుకున్నా అంతే. ఈ నష్టాన్ని తగ్గించడానికి ఆన్‌లైన్‌లో నలుగురూ కలిసి రాసుకునే సాధనాలు ఉన్నాయి.

ఎలా మొదలైంది?
అమెరికా ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ 1995 మార్చి 25న 'వికీవికీవెబ్' ప్రారంభించారు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు అనుభవంతో నేర్చిన పద్ధతులను పంచుకోవడానికే దాన్ని తయారుచేశారు. హవాయి భాషలో 'వికీ' అంటే త్వరగా అని అర్థం. 2001 జనవరి 15న వచ్చిన వికీపీడియా ఈ పద్ధతిలోనే నడుస్తోంది.

ఎలా పనిచేస్తాయి?
వికీలో ఒక్కో విషయానికి ఒక్కో పేజీ ఉంటుంది, పేజీల మధ్య లింకులుంటాయి. గూగుల్ డాక్స్‌లో ఒకే కాగితంపై పలువురు ఒకేసారి రాయొచ్చు, ఫోన్‌లోనూ కుదురుతుంది. ఎవరు ఏం మార్చారో రెండింటిలోనూ చరిత్రగా నిలిచి ఉంటుంది కాబట్టి, పొరపాటున ఏదైనా చెరిగిపోతే పాత రూపం తిరిగి తెచ్చుకోవచ్చు. డాక్స్‌లో కొందరికి చదివే వీలు, కొందరికి వ్యాఖ్య రాసే వీలు, కొందరికే దిద్దే వీలు ఇవ్వొచ్చు.

ఒక ఉదాహరణ
జీఎస్టీ పనికి ఒక పేజీ పెట్టుకున్నారనుకోండి. నెలనెలా రిటర్న్ వేసే వ్యాపారికి మామూలుగా జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీ గడువు 20వ తేదీ. ఒక్కోసారి ప్రభుత్వం గడువు పొడిగిస్తుంది. అందుకే ప్రతి వివరం పక్కన ఎవరు, ఏ తేదీన సరిచూశారో రాయాలి. లేకపోతే పాత తేదీని నమ్ముకున్న కుర్రాడి వల్ల కస్టమర్ లేట్ ఫీజు కట్టాల్సి వస్తుంది.

జాగ్రత్తలు
• కస్టమర్ల ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు, పాస్‌వర్డులు అందులో రాయకూడదు.
• 'లింకు ఉన్న ఎవరైనా' అన్న సెట్టింగ్ పెడితే, లింకు చేతులు మారినప్పుడు బయటివాళ్లు కూడా చదివేస్తారు. పేరుపేరునా అనుమతి ఇవ్వడం మేలు.
• ఫైలు ఆఫీసు ఖాతాలో ఉండాలి. ఉద్యోగి సొంత ఖాతాలో ఉంటే, ఆయన వెళ్లాక ఫైలు చేజారిపోవచ్చు.
• పేజీని చూసుకునే బాధ్యత ఒకరికి అప్పగించాలి. అందరిదీ అనుకుంటే ఎవరూ దిద్దరు.

మొదట్లోనే అన్నీ రాయాలని కూర్చోనక్కర్లేదు. కొత్తగా చేరినవాళ్లు మాటిమాటికీ అడిగే ఐదు ప్రశ్నలకు జవాబులు రాస్తే చాలు, మిగతావి పని జరిగేకొద్దీ చేరతాయి.