గిండీ నుంచి అనంతపురానికి: ఒక ఇంజనీరింగు కళాశాల విశ్వవిద్యాలయంగా మారిన క్రమం

ఉపోద్ఘాతం

ఒక కళాశాల విశ్వవిద్యాలయమైందనగానే భవనాలు, విభాగాలు, విద్యార్థుల సంఖ్య పెరిగాయన్న భావన సాధారణంగా కలుగుతుంది. చరిత్ర దృష్టితో చూసినప్పుడు ఆ మార్పులో ప్రధానమైనది అధికారం. పాఠ్యప్రణాళికను ఎవరు నిర్ణయిస్తారు, ప్రశ్నపత్రాన్ని ఎవరు కూర్చుతారు, పట్టాపై ఎవరి ముద్ర ఉంటుంది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం మారినప్పుడే కళాశాల విశ్వవిద్యాలయంగా మారినట్లు. అనంతపురం ఇంజనీరింగు కళాశాల 1946 నుంచి 2008 వరకు, అంటే అరవై రెండేళ్లపాటు, వరుసగా మూడు విశ్వవిద్యాలయాల పరిధిలో ఉండి చివరకు తానే ఒక విశ్వవిద్యాలయానికి కేంద్రమైంది. ఆ పరిణామ క్రమాన్ని, అధికారం ఆ ఊరికి చేరేనాటికి దాని స్వభావంలో వచ్చిన మార్పును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నేపథ్యం: శ్రీబాగ్ ఒడంబడిక

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినప్పటికీ దత్తమండలాల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయంలోనే కొనసాగాయి. ఉన్నత విద్యాసంస్థలు కోస్తా జిల్లాలకే దక్కుతున్నాయన్న అసంతృప్తి రాయలసీమ నాయకులలో బలంగా ఉండేది. 1937 నవంబరు 16న మద్రాసులోని కాశీనాథుని నాగేశ్వరరావు గృహంలో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక ఈ అసంతృప్తిని గుర్తించింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వాల్తేరులో ఒకటి, అనంతపురంలో మరొకటి కేంద్రాలు ఉండాలని అందులో అంగీకారం కుదిరింది. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదీజలాల వినియోగంలో రాయలసీమకు పదేళ్లపాటు ప్రాధాన్యం ఇవ్వాలన్న మాట కూడా అందులోనిదే. ఈ విధంగా నీరు, చదువు ఒకే పత్రంలో చేరాయి. కాలువలు తవ్వాలన్నా, ఆనకట్టలు కట్టాలన్నా ఇంజనీర్లు కావాలి. కాబట్టి ఆ రెండింటినీ వేరువేరు కోరికలుగా చూడనవసరం లేదు.

అద్దె నేలపై పుట్టుక

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి మద్రాసు రాష్ట్రంలో ఇంజనీర్ల కొరత స్పష్టమైంది. తుంగభద్ర ఆనకట్ట పనులు 1945లో మొదలయ్యాయి. 1794లో సర్వే పాఠశాలగా ఆరంభమై క్రమంగా ఎదిగిన గిండీ ఇంజనీరింగు కళాశాల ఒక్కటే ఈ అవసరాన్ని తీర్చగల స్థితిలో లేదు. అందుచేత మద్రాసు ప్రభుత్వం 1946లో తెలుగు ప్రాంతం కోసం రెండు ఇంజనీరింగు కళాశాలలను నెలకొల్పింది. వాటిలో ఒకటి విశాఖపట్నంలో మొదలై, అనతికాలంలోనే కాకినాడకు తరలింది. అనంతపురానికి ఉద్దేశించిన రెండోది తాత్కాలికంగా గిండీ ప్రాంగణంలోనే తరగతులు ప్రారంభించి, 1948లో అనంతపురం చేరింది. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ శాఖలతో నడిచిన ఆ కళాశాలకు అప్పటికి ఊరు దక్కింది గాని, పట్టా మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయానిదే.

1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. మరుసటి ఏడాది రాయలసీమకు విశ్వవిద్యాలయం వచ్చింది. అయితే అది అనంతపురంలో గాక తిరుపతిలో వెలసింది. కళాశాల శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోకి మారింది. పట్టాపై ముద్ర మారినా మొదట ప్రస్తావించిన మూడు ప్రశ్నలకు సమాధానం మాత్రం కళాశాల వెలుపలే ఉండిపోయింది.

1972: అధికారం వచ్చింది, హైదరాబాదుకు

1972 నాటికి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలు మూడు ప్రాంతాలలో ఉన్నాయి: కాకినాడ, అనంతపురం, 1965లో హైదరాబాదులో ప్రారంభమైన నాగార్జునసాగర్ ఇంజనీరింగు కళాశాల. సాహిత్యం, శాస్త్రాలు, న్యాయం, వాణిజ్యం వంటి అనేక విద్యాశాఖలున్న విశ్వవిద్యాలయాలలో ఇంజనీరింగు ఒక శాఖ మాత్రమే. శాసనసభ చేసిన చట్టం ద్వారా 1972 అక్టోబరు 2న ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఈ మూడు కళాశాలలను, హైదరాబాదులోని లలితకళల, వాస్తుశిల్ప కళాశాలను ఒక గొడుగు కిందికి తెచ్చింది.

ఇక్కడ ఒక పోలిక గమనార్హం. అనంతపురం కళాశాలకు తొలి ఆశ్రయమిచ్చిన గిండీ కళాశాల 1978లో మరో మూడు సంస్థలతో కలిసి అన్నా విశ్వవిద్యాలయమైంది. ఆ నాలుగూ ఒకే నగరంలోనివి కనుక కళాశాలకు, పరిపాలనకు మధ్య దూరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం కళాశాలలు మూడు చోట్ల, పరిపాలన ఒకచోట. సాంకేతిక విద్యకు తనదైన విశ్వవిద్యాలయం లభించింది. అయితే అనంతపురం దృష్టిలో నిర్ణయాధికారం తిరుపతి నుంచి మరింత దూరంలోని హైదరాబాదుకు వెళ్లింది.

2008: ఊరు చేరిన విశ్వవిద్యాలయం

1972లో ఈ విశ్వవిద్యాలయం ప్రధానంగా తన సొంత కళాశాలల కోసం ఏర్పడింది. 1990ల నుంచి ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు పెద్దసంఖ్యలో రావడంతో వందలాది సంస్థలకు అనుబంధ గుర్తింపు ఇచ్చే సంస్థగా మారింది. పరీక్షల నిర్వహణ, తనిఖీలు, పట్టాల జారీ దాని దైనందిన కార్యకలాపాలలో అధికభాగాన్ని ఆక్రమించాయి. ఈ భారాన్ని పంచే విధంగా 2008లో విశ్వవిద్యాలయాన్ని నాలుగుగా విభజించారు: హైదరాబాదు, కాకినాడ, అనంతపురం కేంద్రాలుగా మూడు సాంకేతిక విశ్వవిద్యాలయాలు, వాస్తుశిల్ప, లలితకళలకు మరొకటి ఏర్పడ్డాయి. అనంతపురం విశ్వవిద్యాలయ పరిధిలోకి నాటి రాయలసీమ నాలుగు జిల్లాలతో పాటు నెల్లూరు జిల్లా కూడా చేరింది.

అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లోనే ఏర్పడింది కాబట్టి 1937 నాటి ఆకాంక్ష 2008లోనే తీరిందనడం సరికాదు. అయితే గిండీలో పుట్టిన కళాశాలకు సంబంధించినంతవరకు పాఠ్యప్రణాళిక, ప్రశ్నపత్రం, పట్టా మూడూ ఒకే ఊరికి చేరింది మాత్రం అప్పుడే.

ముగింపు

ఈ చరిత్రలో రెండు వేరువేరు పరిణామాలు కనిపిస్తాయి. 1972లో సాంకేతిక విద్యకు స్వాధికారం వచ్చింది. 2008లో ఆ స్వాధికారం ప్రాంతానికి చేరింది. కానీ అది చేరేనాటికి విశ్వవిద్యాలయం అన్న మాటకు అర్థం మారింది. ఒకప్పుడు మద్రాసు, తిరుపతి తన విషయంలో నిర్వహించిన పాత్రనే ఇప్పుడు అనంతపురం అయిదు జిల్లాల కళాశాలల విషయంలో నిర్వహించవలసి వచ్చింది. ఆ అనుబంధ కళాశాలలలో కొన్ని నేడు స్వయంప్రతిపత్తి పొంది, పాఠ్యప్రణాళికను, పరీక్షలను తామే నిర్ణయించుకుంటున్నాయి. మూడు ప్రశ్నలలో రెండింటికి సమాధానం ఆ కళాశాలల చేతికి వెళ్లింది. పట్టా ఒక్కటే విశ్వవిద్యాలయం వద్ద మిగిలింది. అందువల్ల ఈ సంస్థ చరిత్రను ఒక కళాశాల ఎదుగుదలగా మాత్రమే చదవడం చాలదు. బోధించేవారికీ, పరీక్షించేవారికీ మధ్య ఉండవలసిన దూరం ఎంత అన్న ప్రశ్న గిండీలో మొదలై, అనంతపురం మీదుగా ఆ కళాశాలల వరకు కొనసాగిన తీరుగా దీనిని గ్రహించాలి.