అభియోగమును పరిహాసమును : రాజమహేంద్రవరపు తొలినాటి పత్రికలు

వార్తాపత్రికయందు రెండు విధములగు రచనలు ప్రక్కప్రక్కనే యుండుట లోకమెఱిగిన విషయము. అధికారుల యక్రమములను, రాజకీయపురుషుల యపచారములను బయలుపఱచి సంఘము ముందు నిలుపు అభియోగరచన యొకటి. చదువరికి నవ్వు పుట్టించి యలసట తీర్చు వినోదరచన రెండవది. మొదటిది చరిత్రకు పనికివచ్చుననియు, రెండవది నాటితో చెల్లిపోవు కాలక్షేపమనియు తలచి, మన సాహిత్యచరిత్రకారులలో పలువురు మొదటిదానిని సంఘచరిత్రకును, రెండవదానిని ప్రహసనశాఖకును పంచిపెట్టుచున్నారు. గోదావరీమండలపు తొలినాటి పత్రికల విషయమున నీ పంపకము సత్యమునకు దూరమని చూపుటకే యీ వ్యాసము.

ఈ రెండింటి సంబంధమును గూర్చి ఆంగ్లేయదేశమున నొక వాడుక గలదు. అచ్చట పార్లమెంటుసభ వేసవికాలమున సెలవు పుచ్చుకొనును. పెద్ద న్యాయస్థానములును ఆగస్టు మొదలు దీర్ఘవిరామమును పాటించును. మంత్రులు పల్లెలకును సముద్రతీరములకును తరలిపోవుదురు. వార్తలు పుట్టు చోట్లన్నియు మూతపడినను పత్రిక నిలువరాదు గదా! పుటలు నింపవలెను. అంతట నావికులు మహాకాయమగు సముద్రసర్పమును గాంచిరనియు, ఒకానొక తోటలో గూస్బెర్రీపండు కనివిని యెఱుగని పరిమాణమున కాచెననియు ముచ్చటలు వెలువడును. ఈ కాలమును 1861వ సంవత్సరము జులైనెలలో లండనునగరపు శాటర్డే రివ్యూ యను పత్రిక 'సిల్లీ సీజన్' అని పేర్కొనెను. వెఱ్ఱిముచ్చటల ఋతువని మనము చెప్పుకొనవచ్చును. జర్మనులు దీనినే పుల్లదోసకాయల కాలమందురు.

ఈ పేరు వినగానే అచ్చట అభియోగమున కొక ఋతువును, వినోదమున కొక ఋతువును వేఱువేఱుగ నున్నట్లు తోచును. పరిశీలించినచో నట్లు కాదు. 1885వ సంవత్సరము జులైలో డబ్ల్యు. టి. స్టెడ్ తన పాల్ మాల్ గెజెట్ పత్రికలో లండనునగరమున బాలికల క్రయవిక్రయములు జరుగుచున్న తీరును వరుసగ ప్రకటించెను. దేశమంతయు కలగుండు పడెను. ఆగస్టునెలలోనే బాలికల సమ్మతివయస్సును 13 ఏండ్లనుండి 16 ఏండ్లకు పెంచిన చట్టము వచ్చెను. మూడేండ్లకు, అనగా 1888వ సంవత్సరపు వేసవిలో, డైలీ టెలిగ్రాఫ్ పత్రిక మోనా కేర్డ్ అను విదుషి వ్యాసమొకటి యాధారముగ 'వివాహము విఫలమైనదా?' అను ప్రశ్నను చదువరుల ముందుంచెను. సుమారు 27,000 ఉత్తరములు వచ్చెనని ప్రసిద్ధి. ఇది పుటలు నింపు వేసవిముచ్చటయే. అయినను భార్యలు, భర్తలు, బ్రహ్మచారులు తమ గృహవృత్తాంతములను బహిరంగముగ చెప్పుకొనుటకు చోటు దొరికినది అందే. కావున వినోదపు పుట బరువులేని పుటయని నిశ్చయింపరాదు.

ఇక మన మండలమునకు వత్తము. ధవళేశ్వరపు టానకట్ట 1852వ సంవత్సరమున పూర్తియయ్యెను. కాలువలు పాఱెను. వానదేవుని నమ్ముకొన్న భూములు రెండుపంటల మాగాణములయ్యెను. భూమికి వెల హెచ్చిన కొలదిని తగవులును హెచ్చెను. సరిహద్దుతగవులు, నీటితగవులు, దాయభాగపు తగవులు న్యాయస్థానములకెక్కెను. 1859వ సంవత్సరమున గోదావరిజిల్లా యేర్పడిన పిమ్మట రాజమహేంద్రవరము జిల్లాన్యాయస్థానమునకు నెలవయ్యెను. వకీళ్లు, గుమాస్తాలు, కూలిసాక్షులు, లంచపుమధ్యవర్తులు ఆ నీడన పెరిగిరి. ఆనకట్ట తెచ్చిన ధాన్యలక్ష్మితోపాటు ఈ సంతానమును మండలమునకు సంక్రమించెనని చెప్పవలసియున్నది.

ఈ పరిస్థితులలో కందుకూరి వీరేశలింగము పంతులు (1848-1919) ధవళేశ్వరమున నుపాధ్యాయుడుగ నుండగా 1874వ సంవత్సరము అక్టోబరున 'వివేకవర్ధని' వెలువడెను. మొదట నది మాసపత్రిక. చెన్నపురిలో ముద్రితమై వచ్చుచుండెను. పిమ్మట రాజమహేంద్రవరముననే ముద్రాక్షరశాల యేర్పడెను. స్త్రీవిద్య, బాల్యవివాహనిషేధము మున్నగు సంస్కారవిషయములతోపాటు ఉద్యోగుల లంచగొండితనమును, న్యాయస్థానములలోని యక్రమములను ఆ పత్రిక వెల్లడించుచుండెను. అదే పత్రికలో 1878వ సంవత్సరమున 'రాజశేఖరచరిత్రము' భాగములుగ వెలువడెను. లంచము పుచ్చుకొన్న యుద్యోగిని గూర్చిన వ్రాతయు, కల్పితకథయు, పరిహాసమును ఒకే కుట్టున కూడియుండెనన్నమాట.

దీనికి ప్రతిపక్షమున నిలిచినవారు కొక్కొండ వేంకటరత్నము పంతులు. ఆయన 1871వ సంవత్సరమునుండి 'ఆంధ్రభాషాసంజీవని'ని నడపిన మహాపండితుడు. కాలాంతరమున మహామహోపాధ్యాయ బిరుదము వడసినవాడు. వివేకవర్ధనిని పరిహసించుటకై ఆయన పక్షమున 'హాస్యవర్ధని' పుట్టెను. దానికి మాఱుగ 1876వ సంవత్సరమున వీరేశలింగము పంతులు 'హాస్యసంజీవని'ని పుట్టించెను. ఈ నామకరణమునందలి చమత్కారము వైయాకరణులకు రుచించునట్టిది. వృద్ధిపొందించుట యను నర్థమిచ్చు ధాతువునకు కరణార్థమున ల్యుట్టు చేర్చి, అది టిత్తగుటచే స్త్రీలింగమున ఙీప్పు చేసినచో 'వర్ధనీ' యగును. దేనిచేత వివేకము వృద్ధిపొందింపబడునో యది వివేకవర్ధని. ప్రతిపక్షమువారు ఉత్తరపదమును నిలిపి పూర్వపదమును మార్చి, వివేకము స్థానమున హాస్యముంచిరి. నీవలన పెరుగునది నవ్వేకాని వివేకము గాదని భావము. వీరేశలింగము పంతులును అదే యుపాయముచేత వారి సంజీవనినుండి భాషను తొలగించి హాస్యమును నిలిపెను. నీవలన బ్రతుకునది భాష గాదు, నవ్వని ప్రత్యుత్తరము. ఒక్క పూర్వపదము మార్పుచేతనే పూర్వపక్షసిద్ధాంతములు రెండును ముగిసినవి!

అయితే యీ కలహమునుబట్టియే అంతటిని కొలవరాదు. వ్యక్తిని వెక్కిరించు నవ్వు ఆ వ్యక్తులతోడనే యడగిపోవును. నేడు మనకు విలువగలవి ఆ పత్రికలలో మొలచిన ప్రహసనములు. పెద్దయ్యగారి పెండ్లి యని ప్రసిద్ధికెక్కిన 'బ్రహ్మవివాహము' హాస్యసంజీవనిలో వెలువడెను. ముదుసలికి పసిబాలికను కట్టబెట్టుట దాని విషయము. వకీళ్ల నడతను, వ్యాజ్యముల చుట్టు నల్లుకొన్న మోసములను పరిహసించిన 'వ్యవహారధర్మబోధిని' వివేకవర్ధనిలో వెలువడెను. ఇందలి పాత్రలు తమతమ వాడుకమాటలే యాడుదురు. గ్రామ్యమని దీనిని నిరసించిన పండితులున్నారు. కాని పాత్రౌచిత్యమునుబట్టి భాష మార్చుట సంస్కృతనాటకకర్తల సంప్రదాయమే. అందు సంస్కృతమాడని పాత్రలు ప్రాకృతమాడుట యెల్లరెఱిగినదే.

ప్రహసనము వార్తతో కూడుటయు నూతనవిషయము గాదు. లోకవ్యవహారమున ప్రసిద్ధమైన వార్త, దంభముతోడి సంబంధము, ధూర్తుల వివాదము ప్రహసనమున ప్రయోగింపదగినవని భరతముని చెప్పియున్నాడు. ఆ చోట 'వార్తా' శబ్దమే ప్రయోగింపబడియుండుట గమనింపదగును. ఏడవ శతాబ్దిని కాంచీపురమున పల్లవరాజు మహేంద్రవర్మ రచించిన 'మత్తవిలాసము'నందు, ధనవంతుడైన బౌద్ధభిక్షువు న్యాయాధికారుల నోళ్లు నింపగలడనియు, నిరుపేదలగు తమకు న్యాయము దొరకదనియు కాపాలికుని సహచరి శంకించును. వీరేశలింగము పంతులు ప్రహసనములు వ్రాయునాటికి ఆ గ్రంథము ముద్రితము కాలేదు. 1917వ సంవత్సరమున గణపతిశాస్త్రి తిరువనంతపురమున దానిని ప్రకటించెను. కావున ఇది అనుకరణము గాదు. ఒకే రోగమునకు వేయియేండ్ల యెడమున ఇరువు రొకే యౌషధమును వాడిరి.

ఇంతకును అభియోగము చాలక పరిహాసమేల? మొదటి కారణము రాజశాసనము. 1878వ సంవత్సరపు దేశభాషాపత్రికల చట్టము చెన్నరాజధానికి వర్తింపలేదు. అంతమాత్రముచే మన పత్రికాకర్తలు నిర్భయులని తలంపరాదు. 1860వ సంవత్సరపు శిక్షాస్మృతిలోని 499వ పరిచ్ఛేదము మానహానిని నేరముగ విధించియుండెను. లోకహితమునకై చెప్పిన సత్యమునకును, ఉద్యోగుల బహిరంగవర్తనమును గూర్చి సద్బుద్ధితో వెలిబుచ్చిన యభిప్రాయమునకును అందు మినహాయింపు కలదు. అయినను సత్యమును నిరూపించు భారము వ్రాసినవానిదే. లంచమిచ్చినవాడు సాక్ష్యమిచ్చునా? ఇచ్చినచో తానును దోషియగును గదా! పేరుపెట్టి చెప్పుటకు ప్రమాణము చాలనిచోట పేరులేని పాత్ర మాటలాడవలసివచ్చెను.

రెండవ కారణము ఇంతకంటె లోతైనది. దానిని శబ్దశాస్త్రపరిభాషతో చెప్పుట సుకరము. పదమునకు వాచ్యమేమి యను విచారణయందు ఆకృతియని వాజప్యాయనుడును, ద్రవ్యమని వ్యాడియు చెప్పిరని సరూపసూత్రమున విచారము కలదు. మనము సులభముగ జాతియనియు, వ్యక్తియనియు చెప్పుకొందము. అభియోగవ్యాసమునకు వాచ్యము వ్యక్తి. ఫలానా యుద్యోగి ఫలానా దినమున ఇంత సొమ్ము పుచ్చుకొనెనని అది చెప్పును. ఫలించినచో ఆతడు పదవినుండి తొలగును. కాని ఆ కుర్చీలో మఱియొకడు కూర్చుండును. మధ్యవర్తి యా క్రొత్తవాని యింటిత్రోవ పట్టును. ప్రహసనమునకు వాచ్యము జాతి. అందలి వకీలు ఏ యొక్కరును గాడు. కావుననే వకీలువృత్తియందలి వంచన యంతయు నాతనియందు కనబడును. వ్యక్తిని దండించుట న్యాయస్థానమునకు చేతనగును. జాతిని సిగ్గుపఱచుట నవ్వునకు మాత్రమే చేతనగును.

రెండింటికిని దోషమును కలదు. జాతిని మాత్రమే నవ్విపోయినచో దోషియగు వ్యక్తియు మనతోపాటు నవ్వి సుఖముగ తప్పించుకొనును. వ్యక్తిని మాత్రమే పట్టుకొన్నచో ఆచారము చెక్కుచెదరక నిలుచును. వివేకవర్ధనివంటి పత్రికయొక్క బలము రెండింటిని ఒకే చదువరి చేతికిచ్చుటయందున్నది. ఒక పుటలో లంచగొండితనమును గూర్చి చదివి కోపించినవాడు మఱియొక పుటలోని కూలిసాక్షిని చూచి నవ్వును. నవ్వుచుండగనే తాను గడచిన యేడు తన వ్యాజ్యమున తెచ్చిన సాక్షి జ్ఞప్తికి వచ్చును. ఆ క్షణమున నవ్వు అభియోగమగును. అభియుక్తుడు చదువరియే.

ఆంగ్లేయుల వేసవిముచ్చటకును మన ప్రహసనమునకును భేద మిచ్చటనే. అది వార్తలు లేమిచే పుట్టినది. ఇది వార్త యుండియు చెప్పరామిచే పుట్టినది. ఈ సంప్రదాయము తరువాతను తెగలేదు. సీతానగరమున జన్మించిన పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి 'సాక్షి' వ్యాసములు 1913వ సంవత్సరమున 'సువర్ణలేఖ'లోను, 1920వ సంవత్సరమునుండి 'ఆంధ్రపత్రిక'లోను వెలువడెను. అడిసను, స్టీలుల 'స్పెక్టేటరు' దానికి మాతృక యని మన తరగతులలో చెప్పుదుము. సహాయనిరాకరణోద్యమపు వార్తలతో నిండిన పత్రికయందు జంఘాలశాస్త్రి యుపన్యసించెనని మాత్రము చెప్పము. మాతృక నెఱిగి ప్రక్కపుట నెఱుగకుండుట సగము చదువు.

కావున పండితులకును పరిశోధకులకును చేయు మనవి యిది. ప్రహసనములను, వినోదవ్యాసములను సంపుటములుగ అచ్చువేయునపుడు అవి మొదట వెలువడిన సంచికను, మాససంవత్సరములను తప్పక చూపవలెను. వీలైనచోట ఆ సంచికయందలి తక్కిన విషయములను సంగ్రహముగ పేర్కొనవలెను. సంచికనుండి వేఱుచేసిన ప్రహసనము ప్రకరణమునుండి పెఱికిన పదమువంటిది. నిఘంటువునందలి యర్థము దక్కును గాని వక్తృతాత్పర్యము దక్కదు. పాఠశాలలయందు 'వ్యవహారధర్మబోధిని'ని బోధించు నుపాధ్యాయుడు ఆనాటి న్యాయస్థానముల స్థితిని ముందుగ చెప్పినచో బాలుర నవ్వు వెకిలినవ్వు గాక వివేకముతో కూడిన నవ్వగును.

ఇందు ఆలస్యము తగదు. తాళపత్రము నాలుగైదు శతాబ్దములు నిలుచును. చవుకపత్రికల కాగితమున కంత యాయువు లేదు. అందలి యామ్లము దానిని లోననే తినివేయును. మడత విప్పిన చోట పొడియై రాలును. డెల్టాగ్రామములలోని పాతయిండ్ల యటుకలమీద, మందసములలో నిట్టి కట్టలు దొరకవచ్చును. ప్రతి వానకాలమును చెమ్మయు చెదలును వాని నడుగుచునే యున్నవి. దొరికిన కట్టలో నభియోగవ్యాసమున్న యాకును మాత్రము దాచి, నవ్వుల యాకును విడిచిపెట్టువారు చరిత్రలో సగమును విడిచిపెట్టినవారగుదురు.