రోకటి పోటు నుంచి రాతి మీదికి

చింతలపూడి మెట్ట ఊళ్లలో మిల్లులు రాకముందు బియ్యం కావాలంటే వడ్లు దంచాల్సిందే. ఒకే రోటి దగ్గర ఇద్దరు నిలబడితే ఒకరి రోకలి లేస్తుండగా రెండోవారిది పడాలి. ఆ వంతు తప్పకుండా కాసేది పాట. మధ్యమధ్య ‘సువ్వి’ అన్న మాట మళ్లీమళ్లీ వచ్చేది. అది ఊపిరికి ఊత. అందుకే వాటికి సువ్వి పాటలని పేరు.

తరువోజ అనే పద్యానికి ఈ రోకటి పాటలతో చుట్టరికముందని పరిశోధకులు చెబుతారు. దాని కట్టుబడి చూస్తే ఆ మాట నమ్మబుద్ధవుతుంది. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం కలిస్తే ద్విపద పాదం. అలాంటివి రెండు, రెండు రోకళ్ల వంతుల్లా, జతపడితే ఒక తరువోజ పాదం. ఒకటి, మూడు, అయిదు, ఏడో గణాల మొదటి అక్షరాలకు యతి కుదరాలి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. ఐరోపా భాషల గేయాల్లో ప్రాస ఎక్కువగా పాదం చివర మోగుతుంది. మన ప్రాస పాదం ఎత్తుకోగానే పలుకుతుంది.

ఈ తరువోజ మొదట రాతికెక్కింది మన వేంగి రాజుల కాలంలోనే. ఏలూరు దగ్గరి పెదవేగే ఆనాటి వేంగి. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు అద్దంకిలో వేయించిన శాసనంలో, 848 ప్రాంతంలో, ఒక తరువోజ ఉంది. పన్నెండు బోయకొట్టాలను, అంటే బోయల స్థావరాలను, గెలిచిన సంగతి అందులో చెప్పారు. నన్నయ భారతానికి అది రెండు వందల ఏళ్లు ముందుది. అంటే ఆది కావ్యం నాటికే తెలుగు చెవికి గణం, యతి, ప్రాస అలవాటే.

ఆ తర్వాత పాల్కురికి సోమనాథుడు ద్విపదలోనే బసవపురాణం చెప్పాడు. పదిహేనో శతాబ్దంలో అన్నమయ్య సువ్వి పాటను వేంకటేశ్వరుడి సన్నిధికి చేర్చాడు.

శాసనం రాయి మీద ఉంది కాబట్టి నిలిచింది. సువ్వి పాట గొంతులోనే ఉంది. మీ ఇంట్లో దంపుడు పాట తెలిసిన అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఈ వారమే ఆమె పక్కన కూర్చోండి. పాడించి, ఫోనులో దాచండి.